విదేశానికి తరలివెళ్లే ముందు ఇంటి సామాను: ఒక గదిలో పెట్టి తాళం వేయడమా, పూర్తిగా ఖాళీ చేయడమా?

మాధవి_మల్కాజిగిరి
మేము వచ్చే మార్చిలో మెల్‌బోర్న్ వెళ్లి స్థిరపడబోతున్నాము. మల్కాజిగిరిలోని మా మూడు పడకగదుల ఫ్లాటును అమ్మడం లేదు, అద్దెకిస్తాము. మా సొంత సామాను గురించి నాకు పెద్ద బెంగ లేదు. తెనాలిలో మామగారి ఇల్లు అమ్మినప్పుడు అక్కడి వస్తువులన్నీ లారీలో మా ఇంటికే చేరాయి: ఇత్తడి గుండిగలు, గంగాళం, కంచు చెంబులు, రాచ్చిప్పలు, ఊరగాయ జాడీలు, రోజ్‌వుడ్ సోఫా, రెండు బీరువాల పుస్తకాలు, దేవుడి గదిలోని పాత విగ్రహాలు, ఇంతవరకు ఎవరూ విప్పి చూడని ట్రంకుపెట్టెలు. చిన్న పడకగదిలో ఇవన్నీ సర్ది తాళం వేసి, మిగిలిన ఇల్లు అద్దెకిద్దామని మా వారు అంటున్నారు. అలా చేస్తే రెండు పడకగదుల ఇంటికి వచ్చే అద్దె కూడా సరిగా రాదని ఏజెంటు చెబుతున్నాడు. మా అత్తగారు గుంటూరులో మా ఆడపడుచు ఇంట్లో ఉంటారు, అక్కడ ఇంత సామానుకు చోటు లేదు. ఇటువంటి పరిస్థితి దాటివచ్చినవారు ఏవి ఉంచుకున్నారో, ఏవి వదులుకున్నారో, ఏ క్రమంలో చేశారో చెప్పగలరా?

వేణువు77
మీ వారి ఆలోచన సరైనదే. మేము డాలస్ వచ్చేటప్పుడు విజయవాడ ఇంటి పై వాటాలో ఒక గదికి తాళం వేసి వచ్చాము. ఎప్పుడు వెళ్లినా మంచం, పరుపు, నాలుగు వంటపాత్రలు సిద్ధంగా ఉంటాయి. కొత్త దేశంలో ఉద్యోగం, వాతావరణం మనకు పడతాయో లేదో తెలియకముందే ఇల్లు మొత్తం ఊడ్చేసుకోవడం తొందరపాటవుతుంది.

అద్దెకున్నవాడు
తాళం వేసిన గదికి ఇవతల కాపురం ఉన్న మనిషిగా చెబుతున్నాను, దయచేసి ఆ పని చేయకండి. మియాపూర్‌లో మేము అద్దెకున్న ఫ్లాటులో యజమాని ఒక గదిని సామానుతో నింపి తాళం వేసి అమెరికా వెళ్లిపోయారు. వానాకాలంలో ఆ గది గుమ్మం కిందనుంచి చెదలు బయలుదేరి హాలులోని మా పుస్తకాల బీరువా దాకా వచ్చాయి. గది తెరవకుండా మందు కొట్టలేమని పెస్ట్ కంట్రోల్ వాళ్లు అన్నారు. తాళంచెవి యజమాని బాబాయిగారి దగ్గర ఉంది, ఆయన కాశీయాత్రలో ఉన్నారు. చివరకు గది తెరిచేసరికి లోపలి పరుపులు, అట్టపెట్టెలు, పట్టుచీరలు అన్నీ మట్టి కట్టి ఉన్నాయి. వేణువు77 గారూ, మీది పై వాటా కాబట్టి విడిగా దారి ఉండి ఉంటుంది, ఎవరో ఒకరు వెళ్లి కిటికీలు తెరుస్తూ ఉంటారు. ఫ్లాటులో ఆ అవకాశం ఉండదు.

వేణువు77
విడిగా మెట్లున్నాయి, మా చెల్లెలు నెలకోసారి వెళ్లి చూస్తుంది, నిజమే. కానీ చెదలకు భయపడి వస్తువులన్నీ పారేయమంటే ఎలా? స్టీలు ర్యాకులు వేసి, గోడకు దూరంగా సర్ది, ముందే చెద మందు కొట్టించుకోవచ్చు.

పద్మజ_క్లేటన్
మీరు వెళ్లే ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి ఇక్కడి నిబంధనల వైపు నుంచి చెబుతాను. ఏది ఉంచుకోవాలన్న ప్రశ్నకు సగం జవాబు ఆస్ట్రేలియా జీవభద్రతా నియమాలే ఇచ్చేస్తాయి. ఓడలో పంపే ఇంటి సామానుకు బి534 అనే పత్రం నింపాలి, అందులో చెక్క, వెదురు, తోలు, ఈకలు, విత్తనాలు, ఆహారం వంటివన్నీ దాచకుండా రాయాలి. అధికారులు పెట్టెలు విప్పి చూస్తారు. చెక్కలో పురుగు రంధ్రం, బెరడు, చెప్పులకూ సైకిలు చక్రాలకూ పట్టిన మట్టి కనిపిస్తే శుద్ధి చేయించమంటారు, లేదా తిప్పి పంపమంటారు, లేదా ధ్వంసం చేస్తారు. ఏది చేసినా ఖర్చు మనదే.

వంటింటి విషయం ఇంకా ముఖ్యం. ఖాప్రా అనే ధాన్యపు పురుగు భయంతో 2020 నుంచి బియ్యం, శనగలు, పెసలు, కందులు, జీలకర్ర, ధనియాలు, ఎండుమిరపకాయలు వంటివి ఇంటి సామానులో గానీ ప్రయాణికుల పెట్టెల్లో గానీ తేవడాన్ని ఈ దేశం నిషేధించింది. మనవాళ్లు చాలామంది గిన్నెల మధ్య ఖాళీలు నింపడానికి పప్పుల పొట్లాలు పెడతారు, ఆ పని అసలు చేయవద్దు. డాండెనాంగ్‌లోని భారతీయ దుకాణాల్లో గోంగూర పచ్చడి దాకా అన్నీ దొరుకుతాయి. చేటలు, వెదురు బుట్టలు, చీపుళ్లు, దర్భలు, దేవుడి గదిలోని ఎండు పూలు అక్కడే వదిలేయండి. ఇత్తడి, కంచు, స్టీలు, రాతి పాత్రలకు శుభ్రంగా ఉంటే చాలు, ఏ ఇబ్బందీ ఉండదు. రోలు లోపలి గుంటలో పాత పిండి అంటుకుని ఉండకుండా మాత్రం చూసుకోవాలి.

మరొక మాట. పన్నెండు నెలలకు పైగా మీరు సొంతంగా వాడిన వస్తువులకు ఇక్కడ దిగుమతి సుంకం ఉండదు. వెళ్లే ముందు కొత్త టీవీ, కొత్త పరుపు కొని ఓడెక్కించే ఆలోచన ఉంటే మానుకోండి.

గోదారిగట్టు
చీపురు కూడా వదిలేసి వెళ్లాలంటే మా అమ్మ వీసానే వద్దంటుంది.

కంచర_వీధి
మాది తరతరాలుగా పాత్రల వ్యాపారం చేసే కుటుంబం కాబట్టి లోహాల సంగతి కాస్త వివరంగా చెబుతాను. మాధవిగారూ, పాత సామాను కొనేవారిని పిలిచే ముందు మీ పాత్రలన్నీ నేలమీద పరచి లోహం ప్రకారం వేరుచేయండి. రాగిలో తుత్తునాగం (జింకు) కలిపితే ఇత్తడి, తగరం కలిపితే కంచు. కంచుకు, రాగికి ఇత్తడి కంటే ఎక్కువ ధర పలుకుతుంది. మూడింటినీ ఒకే కుప్పగా పోస్తే కొనేవాడు అన్నింటికీ ఇత్తడి ధరే కడతాడు. కంచు పాత్రను వేలి కణుపుతో కొడితే నాదం సాగుతుంది, ఇత్తడికి అంత సాగదు. పచ్చగా కనిపించే పాత చెంబుల్లో రాగి అడుగు అతికినవి ఉంటాయి, వాటిని కూడా విడిగా పెట్టండి. పాత్రల లోపల తెల్లగా కనిపించేది కళాయి, దాన్ని చూసి తరుగు ఎక్కువగా తీసేస్తానంటే ఒప్పుకోవద్దు. తూకం మీ ఎదుటే వేయించాలి, రెండు దుకాణాల్లో ధర అడగాలి.

తూకానికి వేసే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ప్రతి పాత్ర అంచు కింద, చెవి పక్కన, అడుగున చెక్కిన పేర్లను చదవండి. మన ఇళ్లలో పెళ్లికి పెట్టిన పాత్రల మీద ఇచ్చినవారి పేరో ఇంటిపేరు పొడి అక్షరాలో చెక్కించడం ఆనవాయితీ. పెళ్లిళ్లకు, సంతర్పణలకు పెద్ద గుండిగలు ఇంటి నుంచి ఇంటికి అరువుకు వెళ్లి తిరిగి రాకుండా ఉండిపోయేవి. మా దుకాణానికి తూకానికి వచ్చిన గంగాళం మీద ఊరి రామాలయం పేరు ఉండటం నేను చూశాను. అమ్మినవారికి ఆ సంగతే తెలియదు.

ఇంజనీరు_మామ
ఎక్కువ ఆలోచించకండి, అన్నీ అమ్మేయండి. అక్కడ అన్నీ దొరుకుతాయి. ఓడ ఖర్చు పెట్టే డబ్బుతో సగం ఇల్లు కొత్తగా అమర్చుకోవచ్చు. నేను అట్లాంటా వచ్చినప్పుడు రెండు సూట్‌కేసులతోనే వచ్చాను.

అత్తిలి_అమ్మాయి
ఇంజనీరు_మామ గారూ, మీరు ఒంటరిగా, ఉద్యోగం మొదట్లో వచ్చి ఉంటారు. పిల్లలతో, ఒక తరం సామానుతో బయలుదేరేవారికి రెండు సూట్‌కేసుల సలహా పనికిరాదు. అక్కడ అన్నీ దొరుకుతాయన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. సరైన బరువున్న ఇడ్లీ కుక్కరు, మురుకుల గొట్టం, అట్లకు బాగా పదునుపడిన ఇనుప పెనం ఆస్ట్రేలియాలో డబ్బు పెట్టినా అంత సులువుగా కుదరవు. వాటి బరువెంత, అవి ఆక్రమించే చోటెంత?

ఇంజనీరు_మామ
పెనం ఒప్పుకుంటాను. గ్రైండరు మాత్రం వద్దు. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మన మోటారు నడవాలంటే బరువైన ట్రాన్స్‌ఫార్మరు కొనాలి, అప్పటికీ వేగం తేడా వస్తుంది.

పద్మజ_క్లేటన్
అది అమెరికా సంగతి. ఆస్ట్రేలియాలో మన దేశంలోలాగే 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్ కాబట్టి మిక్సీ, గ్రైండరు ఏ ట్రాన్స్‌ఫార్మరూ లేకుండా నడుస్తాయి. ప్లగ్గు పిన్నులు మాత్రం ఏటవాలుగా ఉంటాయి, అడాప్టరు గానీ కొత్త ప్లగ్గు గానీ పెట్టించుకోవాలి. మా వెట్ గ్రైండరు ఇక్కడకు ఓడలోనే వచ్చింది, ఇప్పటికీ వారానికి రెండుసార్లు తిరుగుతూనే ఉంది.

పాత_దస్తావేజు
మాధవిగారు రోజ్‌వుడ్ సోఫా, పాత విగ్రహాలు అని రాశారు. ఈ రెండింటి విషయంలో ఎవరూ హెచ్చరించకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

రోజ్‌వుడ్ చెట్ల జాతి మొత్తాన్ని 2017లో, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందపు రెండో అనుబంధంలో చేర్చారు. తయారైన వస్తువుల్లో ఆ చెక్క బరువు ఒక రవాణాకు పది కిలోల లోపు ఉంటే మినహాయింపు ఉంది, సోఫా ఆ పరిమితిలో ఇమడదు. అనుమతిపత్రాల కోసం తిరిగే ఓపిక లేకపోతే దానిని దేశం దాటించే ఆలోచన మానుకోవడం మంచిది. తిరుపతి నుంచి తెచ్చుకున్న ఎర్రచందనం బొమ్మలు ఉంటే వాటిని కూడా పెట్టెల్లో పెట్టకండి, ఎర్రచందనం ఎగుమతిపై మన ప్రభుత్వపు ఆంక్షలు ఇంకా కఠినంగా ఉంటాయి.

విగ్రహాల విషయం మరీ సున్నితమైనది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాలు, లోహపు వస్తువులు, చిత్రాలు వంటివి పురావస్తువులుగా లెక్కకు వస్తాయి, వ్రాతప్రతులకైతే డెబ్బయి అయిదేళ్లు చాలు. వీటిని ప్రైవేటు వ్యక్తులు దేశం వెలుపలికి తీసుకువెళ్లకూడదు. వయసు తక్కువే అయినా చూడటానికి పాతగా కనిపించే విగ్రహానికి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రాన్ని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ముందుగా తీసుకోవాలి. విమానాశ్రయంలో మా ముత్తాతగారి పూజా విగ్రహం అని చెప్పడం మన వాదనకు బలం చేకూర్చదు, వయసును మనమే ఒప్పుకున్నట్లవుతుంది. విప్పని ట్రంకుపెట్టెల్లో తాళపత్రాలు ఏమైనా ఉంటే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయం వారిని అడిగి చూడండి.

మాధవి_మల్కాజిగిరి
అందరికీ ధన్యవాదాలు. పాత_దస్తావేజు గారూ, సోఫాను ఓడలో పంపాలనే అనుకున్నాము, ఆ ఆలోచన ఈ రాత్రితో సరి. విగ్రహాల్లో ఒకటి మామగారి తాతగారి కాలం నాటిదని ఇంట్లో చెప్పుకుంటారు. దానిని గుంటూరులో ఆడపడుచు పూజామందిరంలో పెడతామని అత్తగారు వెంటనే ఒప్పుకున్నారు.

కంచర_వీధి గారు చెప్పినట్లు నిన్న పాత్రలన్నీ బోర్లించి పేర్లు చదివాము. పెద్ద గంగాళం మీద మామగారి పిన్నిగారి ఇంటిపేరు ఉంది. రెండు గుండిగల మీద మాకు ఎవరో తెలియని పొడి అక్షరాలున్నాయి. అత్తగారికి ఫోన్ చేసి చదివి వినిపిస్తే ఆవిడ ఒక్కొక్కదాని చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు, ఏ పెళ్లికి ఏ గుండిగ ఎవరింటికి వెళ్లిందో, దాని బదులు మన ఇంటికి ఏది వచ్చిందో అన్నీ ఆవిడకు జ్ఞాపకమే. మా సొంతమని తేలినవి అనుకున్న దానిలో సగం కూడా లేవు. ఇప్పుడు పుస్తకాల సంగతి చెప్పండి. మామగారు తెలుగు మాస్టారు, బీరువాలనిండా పాత మాసపత్రికల బైండింగులు, నిఘంటువులు, శతకాలు, పోటీపరీక్షల గైడ్లు కలిసిపోయి ఉన్నాయి.

గోదారిగట్టు
అంటే మీ ఇంట్లో ఉన్నది మీ సామాను కాదు, తెనాలి బంధువర్గం మొత్తానిదన్నమాట. వాళ్ల గుండిగలు వాళ్లకు పంపిస్తే మీ గుండిగలు కూడా తిరిగి వచ్చే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

పేజీ_మడత
పుస్తకాలను ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టలు కట్టి పాత పేపర్లవాడికి వేయవద్దు. మాసపత్రికల బైండింగులు పూర్తి సంవత్సరాలవి అయితే గ్రంథాలయాలకు ఎంతో ఉపయోగపడతాయి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం మీ తెనాలి వైపువారికి దగ్గరే, పాత పత్రికలను భద్రపరచడంలో దానికి మంచి పేరుంది. హైదరాబాదులో అయితే సుల్తాన్ బజారులో 1901లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఎక్కడికైనా ముందుగా పేర్ల జాబితా రాసి పంపి, వారికి కావలసినవి ఏవో చెప్పిన తరువాతే తీసుకువెళ్లండి. ప్రతి గ్రంథాలయంలోనూ స్థలం కొరతే. ఉన్న ప్రతినే మళ్లీ తెచ్చి గుమ్మంలో దించి దానం చేశామనుకోవడం వారికి భారం.

గైడ్లు, సాధారణ నవలలు ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పుస్తకాలు అమ్మేవారికి ఇవ్వండి. నిఘంటువులు మాత్రం మీ పిల్లల కోసం మీతోనే తీసుకువెళ్లండి. ప్రతి పుస్తకాన్నీ తలకిందులుగా పట్టుకుని ఒకసారి విదిలించండి, మాస్టార్ల పుస్తకాల్లో ఉత్తరాలు, రసీదులు, ఒక్కోసారి రిజిస్ట్రేషను నకళ్లు కూడా దొరుకుతాయి.

సీతాఫలం
బల్లలు, కుర్చీలు అమ్మేటప్పుడు ఇంటర్నెట్ ప్రకటనలతో జాగ్రత్తగా ఉండండి. మా డైనింగ్ టేబుల్‌కు ప్రకటన ఇచ్చిన పది నిమిషాలకే ఒకడు బేరం కూడా ఆడకుండా కొంటానన్నాడు, అడ్వాన్సు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు, పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోవడమే. దానికంటే మీ అపార్టుమెంటు వాట్సాప్ బృందంలో పెడితే మంచిది, కొన్నవారే వచ్చి మోసుకుపోతారు. మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ముందే అమ్మి, ఇవ్వవలసిన తేదీ మాత్రం బయలుదేరే వారానికి ఉండేలా మాట తీసుకోండి. లేకపోతే చివరి నెలంతా చాపల మీద పడుకుని బట్టలు చేత్తో ఉతుక్కోవాలి.

అద్దెకున్నవాడు
పాత చీరలు, ప్యాంట్లు చివరిదాకా ఉంచండి, ఓడలో పెట్టే గాజు సామానుకు చుట్టడానికి పనికివస్తాయి. మిగిలినవాటికి మా వీధిలో ఇప్పటికీ స్టీలు గిన్నెలావిడ వస్తుంది. కానీ ఆవిడకిస్తే ఇంట్లో ఇంకొక గిన్నె చేరుతుంది.

అత్తిలి_అమ్మాయి
ఓడ ధర మీ సామాను ఎన్ని ఘనపు మీటర్లన్న దాన్ని బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు, అందువల్ల పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, దిండ్లు ఖరీదైన ప్రయాణికులు. ఇరవై అడుగుల కంటైనరులో సుమారు 33 ఘనపు మీటర్లు పడతాయి. అంత లేనప్పుడు ఇతరులతో పంచుకునే కంటైనరులో మన వాటాకే డబ్బు కడతాము. ప్యాకింగుకు వాడే చెక్క పెట్టెల మీద, చెక్కను పురుగు లేకుండా శుద్ధి చేసినట్లు తెలిపే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉందో లేదో మీరే చూడండి. ప్రతి పెట్టెకూ నంబరు వేసి లోపలున్న వస్తువుల జాబితా రాయండి. నేను కెనడా వచ్చినప్పుడు వెనుక రాబోయే వస్తువుల జాబితాను దిగిన రోజునే సరిహద్దు అధికారికి చూపవలసి వచ్చింది, ఆస్ట్రేలియాలో పద్ధతి వేరైనా ఆ జాబితా బీమాకు కూడా కావాలి.

ఉప్పాడ_నేత
ఇంతసేపూ బంగారం, వెండి గురించి ఎవరూ మాట్లాడలేదు. అత్తగారి నగలను బ్యాంకు లాకరులో పెట్టి వెళ్లిపోయేవారికి రిజర్వు బ్యాంకు నియమాల్లో రెండు సంగతులు తెలియాలి. అద్దె సక్రమంగా కడుతున్నా, ఏడేళ్లపాటు లాకరు తెరవకుండా ఉండి, లాకరు తీసుకున్నవారి ఆచూకీ దొరకకపోతే బ్యాంకు దానిని తెరవవచ్చు. అగ్నిప్రమాదం, దొంగతనం, ఉద్యోగుల మోసం వంటివి జరిగినప్పుడు బ్యాంకు బాధ్యత ఏటి అద్దెకు నూరు రెట్లకే పరిమితం. అందువల్ల ఇక్కడే ఉండే మనిషి ఒకరి పేరు లాకరులో జతచేసి, ఏడాదికోసారైనా తెరిపించండి. ఒంటిమీద, చేతిసంచిలో తీసుకువెళ్లే నగలకు విమానాశ్రయపు కస్టమ్స్‌లో ఎగుమతి ధ్రువపత్రం రాయించుకుంటే, వాటితో తిరిగి వచ్చినప్పుడు సుంకం గొడవ ఉండదు.

వేణువు77
ఇంత చదివిన తరువాత నా మాటను కొంత మార్చుకుంటున్నాను. ఫ్లాటులో గదికి తాళం వద్దు. కానీ అంతా అమ్మేయమన్న ఇంజనీరు_మామ గారితో ఇప్పటికీ ఏకీభవించను. రెండు ఇనుప బీరువాలకు పట్టేంత సామాను బంధువుల ఇంట్లో ఉంచడంలో నష్టం లేదు, ఆ బంధువులు మనసారా ఒప్పుకుంటే.

నూజివీడు_రసం
ఒక ప్రశ్న. ఈ చర్చలో ఇంతమంది ఇన్ని సలహాలిచ్చాము గానీ, ఆ పాత్రలూ పుస్తకాలూ అత్తగారివి కదా. ఏవి ఉంచాలో ఆవిడనే గుర్తులు పెట్టమన్నారా? మా ఇంట్లో అమ్మను అడగకుండా అన్నయ్య పాత మడతమంచం ఇచ్చేశాడు, నాన్నగారి వెండి పళ్లెం పోయినా అంత బాధపడేది కాదు.

మాధవి_మల్కాజిగిరి
మొన్న ఆదివారం అత్తగారిని గుంటూరు నుంచి తీసుకువచ్చి హాలులో కుర్చీ వేసి కూర్చోబెట్టాము. నేను జాగ్రత్తగా దాచిన జాడీలను ఆవిడ ఒక్క క్షణంలో పనిమనిషికి ఇచ్చేశారు. కంచు కంచాలు మా ఇద్దరు పిల్లలకు చెరొకటి, మిగిలిన కంచు ఆడపడుచుకు. పేర్లున్న గుండిగల్లో దొరికినవారికి ఫోన్లు చేశాము, గంగాళాన్ని పిన్నిగారి మనవడు తీసుకువెళ్తానన్నాడు. ఎవరివో తేలని రెండింటిని తెనాలి దగ్గరి వారి ఊరి గుడికి ఇవ్వమన్నారు. రాచ్చిప్పల్లో ఒకటి మెల్‌బోర్న్ వస్తుంది, అది ఆవిడ షరతు. సోఫాను మా మరిది తీసుకుంటున్నాడు. ట్రంకుపెట్టెల్లో తాళపత్రాలు లేవు, మామగారి జీతపు చిట్టాలు, పిల్లల ప్రోగ్రెస్ కార్డులు ఉన్నాయి. వాటిని ఫొటోలు తీసి, అసలు కాగితాల్లో ఇంటి దస్తావేజులను మాత్రమే వేరుచేశాము. గదికి తాళం వేయడం లేదు. మా వారు ఇంకా కొంచెం ముభావంగానే ఉన్నారు.

తేలనివి రెండే ఉన్నాయి. గ్యాస్ కనెక్షను ఏం చేయాలి? అత్తగారి కాలిమిషను ఎవరికివ్వాలి? అది బాగా పనిచేస్తుంది, తూకానికి వేయడానికి ఆవిడకు మనసొప్పడం లేదు.

సీతాఫలం
గ్యాస్ సిలిండర్లు, రెగ్యులేటరు, కనెక్షను ఇచ్చినప్పటి వోచరు తీసుకుని ఏజెన్సీకి వెళ్లి అప్పగిస్తే, ఆ వోచరు మీద రాసి ఉన్న డిపాజిట్టు తిరిగి ఇస్తారు. అద్దెకు వచ్చేవారికి అలాగే వదిలి వెళ్లవద్దు, కనెక్షను మీ పేరుమీదే ఉండిపోతుంది. వెళ్లే ముందురోజు దాకా ఆగకుండా, చివరి వారం ఇండక్షను స్టవ్వుతో గడుపుకోండి.

సైనిక్‌పురి_దర్జీ
కాలిమిషను ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే మాకు కావాలి. మా కోడలు కుట్టుపని నేర్చుకుంటోంది. ఆటో మేమే తెచ్చుకుంటాము, ధర చెప్పండి.

మాధవి_మల్కాజిగిరి
ధర వద్దని అత్తగారు అంటున్నారు. తోలు బెల్టు పాతబడింది, దానిని మాత్రం మార్పించుకోవలసి ఉంటుంది. ఆదివారం ఉదయం పదకొండు లోపు రండి, ఆవిడ మధ్యాహ్నం రైలుకు గుంటూరు వెళ్తారు, సూది ఎక్కించే పద్ధతి మీ కోడలికి తానే చూపిస్తానంటున్నారు.